మత్తడి దూకే వేళ
(గగన్‌పహాడ్‌లో ఒక నీరడి స్మృతిలో చేసిన ఉపన్యాసం, అచ్చు పాఠం)



స్మారకోపన్యాసాలు మంత్రుల పేర, మహాకవుల పేర, విద్యాదాతల పేర జరగడం మనకు అలవాటు. ఒక నీరడి పేర జరుగుతున్న ఉపన్యాసానికి పిలుపు రావడం నా జీవితంలో ఇదే మొదటిసారి. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూడడం, వానాకాలం రాత్రుళ్లు కంబళి కప్పుకుని కట్ట మీద కాపలా ఉండడం ఆయన పని. ఆ పనికి ఊరు ఆయనకిచ్చింది కల్లం దగ్గర కొంత ధాన్యం, పిలవడానికి ఒక పేరు. అచ్చులో తమ పెద్దాయన అసలు పేరు వేయవద్దని కుటుంబం కోరింది గనుక, ఊరంతా పిలిచినట్టే నేనూ ఆయనను నీరడి తాత అనే అంటాను.

నాయకత్వం కాలంతో ఎలా పెరుగుతుంది, ఎలా పాతబడుతుంది, మళ్లీ ఎలా చిగురిస్తుంది అన్నది నిర్వాహకులు నాకిచ్చిన విషయం. దీని గురించి యాజమాన్య శాస్త్రాలు చాలా రాశాయి. ఆ దారిన నేను పోవడం లేదు. చెరువు దగ్గర నిలబడి ఈ విషయాన్ని చూడడానికి నాకు తగిన ఆధారం ఒకటి దొరికింది. అది ఆరున్నర శతాబ్దాల కిందటి రాతి మీద ఉంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర శకవర్షం 1291, అంటే క్రీస్తుశకం 1369 నాటి శాసనం ఉంది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. దాత కీర్తి చెప్పి ఊరుకుంటే అది అన్ని శాసనాల వంటిదే అయ్యేది. ఆ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా లెక్కగట్టింది. గట్టి నేల, కొండల నడుమ నుంచి వచ్చే ఏరు, రాతి కట్ట, లోతైన గర్భం, నేర్పరులైన పనివాళ్లు ఆ అంగాల్లోవే. వాటన్నిటికన్నా ముందు, మొదటి అంగంగా చెప్పింది ధర్మబుద్ధి, సంపద, కీర్తి మీద కోరిక ఉన్న రాజును. రెండో అంగం జలశాస్త్రం తెలిసిన పండితుడు.

ఈ వరుసను నేను చాలాసార్లు చదువుకున్నాను. రాజును చెరువుకు యజమాని అని ఆ శాసనకర్త అనలేదు. చెరువుకున్న పన్నెండు అంగాల్లో ఒక అంగం అన్నాడు. కట్ట ఎలాగో, తూము ఎలాగో, రాజూ అలాగే. అంగం అన్నాక దానికి అరుగుదల ఉంటుంది, మరమ్మతు ఉంటుంది, మార్చవలసిన రోజు ఉంటుంది. అదే కాలపు సంప్రదాయం చెరువును సప్తసంతానాల్లో ఒకటిగా, కన్నకొడుకుతో సమానంగా లెక్కించింది. కీర్తి కోరుకోవడాన్ని కూడా వాళ్లు తప్పుపట్టలేదు. ఆ కోరికను పట్టుకెళ్లి కట్టకు కట్టేశారు.

ఇక నా ప్రతిపాదన. చెరువును నింపే వరదే చెరువులోకి పూడికను కూడా మోసుకొస్తుంది. నీళ్లు కావాలి, మట్టి వద్దు అంటే కుదరదు. నిండిన కొద్దీ అడుగు పైకి లేస్తుంది. అడుగు లేచిన కొద్దీ కొద్దిపాటి నీటికే చెరువు నిండినట్టు కనిపిస్తుంది. గట్టు మీద నిలబడ్డ వారికి నిండుదనమే కనబడుతుంది గాని లోతు తగ్గిన సంగతి తెలియదు. నాయకత్వానిదీ ఇదే నడక. ఒక తరం ముందు తరం వదిలిన పూడికను తీసి పేరు తెచ్చుకుంటుంది. ఆ పేరు తెచ్చిన పద్ధతులు, మనుషులు, కట్టడాలే తర్వాతి తరానికి పూడికగా పేరుకుంటాయి. ఒకప్పుడు మంచివాళ్లు, తర్వాత చెడిపోయారు అనే మాటతో మనం చరిత్రను తేల్చేస్తుంటాం. ఆ మాట నాకు చాలదు. వాళ్లు మంచివాళ్లుగానే ఉండి కూడా పూడిక కాగలరు.

కట్టినవాళ్లకు ఇది ముందే తెలుసు. అందుకే చెరువుతో పాటు రెండు ఏర్పాట్లు చేశారు. ఒకటి మత్తడి: నిండిన తర్వాత మిగిలిన నీరు కట్టను తోయకుండా కింది చెరువుకు సాగిపోయే దారి. రెండోది ఎండాకాలం ఊరంతా కదిలి తీసే పూడిక. పెరుగుదలకు హద్దు, పునరుద్ధరణకు రుతువు. ఈ రెండూ ఎక్కడ ఉన్నాయి, ఎక్కడ లేవు అని చూస్తూ ఈ నేల మీది నూటడెబ్బై ఏళ్లను ఒకసారి తిరిగి చదువుదాం.

ముందు ఒక పాత లెక్క చూద్దాం. అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో తన ముఖద్దిమా రాస్తూ రాజవంశాల ఆయుర్దాయం సుమారు మూడు తరాలు అన్నాడు. తరానికి నలభై ఏళ్లు. ఎడారి నుంచి వచ్చిన గుంపు తమ ఐకమత్యంతో రాజ్యం గెలుస్తుంది, నగర సుఖాల్లో ఆ ఐకమత్యం కరుగుతుంది, అప్పుడు మరో గుంపు ఎడారి నుంచి వస్తుంది. గొప్ప ఆలోచన. కాని ఆయన చక్రం తిరగాలంటే ఎప్పుడూ బయటినుంచి ఎవరో రావాలి. 1724 నుంచి 1948 దాకా 224 ఏళ్లు సాగిన అసఫ్‌జాహీ పాలన ఆయన లెక్కకు లొంగలేదు. ఎందుకు లొంగలేదో ఈ శంషాబాద్ దారిలోనే కనబడుతుంది.

శంషాబాద్ అన్న పేరు పైగా వంశీయులైన షమ్స్-ఉల్-ఉమ్రాల నుంచి వచ్చింది. 1869లో నిజాం అఫ్జల్-ఉద్-దౌలా కన్నుమూసే నాటికి వారసుడు మహబూబ్ అలీ ఖాన్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. ఆ పసివాడి పేర రాజ్యం నడిపిన ఇద్దరిలో ఒకరు ఈ పైగా అమీరు. రెండోవారు మొదటి సాలార్‌జంగ్. సాలార్‌జంగ్ దివాన్ అయింది 1853 మే నెలాఖరున, ఇరవై నాలుగేళ్ల వయసులో. ఆ నెలలోనే అప్పు కింద బీరారు బ్రిటిష్ వారి చేతికి పోయింది. ఖజానా ఖాళీ. శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో. పూడిక అంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఆయన తీశాడు. గుత్తేదారీ తీసేసి జీతాల మీద పనిచేసే అధికారులను పెట్టాడు. 1864లో రెవెన్యూ బోర్డు, 1865లో జిలాబందీ వచ్చాయి. జిల్లా, తాలూకా అన్న పాలన చట్రం మనకు అప్పుడే అబ్బింది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. కొత్త కొలువులకు చదువుకున్నవాళ్లు కావాలి గనుక ఉత్తరాది నుంచి సమర్థులను పిలిపించాడు. ఆ పిలుపే ఆయన విజయం. పూడిక మొదలైంది కూడా అక్కడే. ఆయన 1883 ఫిబ్రవరిలో కలరాతో హఠాత్తుగా పోయే నాటికి యంత్రం ఉంది, దాన్ని నడపగల స్థానికుల తరం లేదు. ఆ తర్వాత ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. ముల్కీ, గైర్‌ముల్కీ తగవు ముదిరింది. 1919 నాటి ముల్కీ నిబంధనల దాకా, అక్కడి నుంచి 1969 తెలంగాణ ఉద్యమం దాకా ఆ తగవు నడిచింది. ఒక దివాను సదుద్దేశంతో చేసిన నియామకాల నీడ ఎనభై ఏళ్లు పైబడి సాగింది. సాలార్‌జంగ్‌ను నేను తక్కువ చేయడం లేదు. ఆయన తూము కట్టాడు, కాలువ తవ్వాడు. మత్తడి కట్టడం మరిచాడు.

1908 సెప్టెంబర్ 28ని తలచుకోకుండా ఇక్కడ చెరువుల గురించి మాట్లాడకూడదు. ఆనాటి మూసీ వరదను నగరం అఫ్జల్‌గంజ్ చింతచెట్టుతో, దాని కొమ్మలెక్కి బతికినవారితో గుర్తుపెట్టుకుంది. ఆ వరద పుట్టిన చోటు మాత్రం ఇటువైపు ఉంది. మరుసటి ఏడు నిజాం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కల్లో, శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల గుణమే అది. పైచెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పైచెరువు కట్ట తెగితే కింది కట్టా తెగుతుంది. ఒకే నీరు, ఒకే దారి. మర్యాదగా దిగిందా, గండి కొట్టుకుని దిగిందా అన్నదే తేడా. ఆ విపత్తు నుంచి ఒక పునరుద్ధరణ పుట్టింది. 1912లో నగరాభివృద్ధి మండలి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో ఇక్కడికి దగ్గరలోనే ఉన్న హిమాయత్‌సాగర్ వచ్చాయి. పైనుంచి వచ్చిన నాయకత్వం చేయగలిగిన ఉత్తమమైన పని అది. దానికి అడ్డు చెప్పేవారు లేరు, అడిగేవారూ లేరు. అడిగేవారి తరం అప్పుడే వేరే చోట మొలకెత్తుతోంది.

ఇక్కడ కొంచెం నిదానిస్తాను. తెలంగాణలో నాయకత్వం మారిన తీరుకు ఆంధ్ర మహాసభ కన్నా మంచి పాఠం నాకు తెలియదు.

1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. గ్రంథాలయాలు, వెట్టి మీద కరపత్రాలు, శాసనాల సేకరణ వాళ్ల పనులు. మాడపాటి హనుమంతరావు వంటి న్యాయవాదులు, వర్తకులు, పత్రికా రచయితలు వాళ్లు. సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలనే 53వ నంబరు గస్తీ మెడ మీద ఉండగానే, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అక్కడే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు.

తర్వాతి వరుస గమనించండి. 1931 దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, 1934 ఖమ్మంలో పులిజాల వెంకట రంగారావు, 1935 సిరిసిల్లలో మాడపాటి, 1936 షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి, 1937 నిజామాబాద్‌లో మందుముల నర్సింగరావు. ప్రతిసారీ ఊరు మారింది, అధ్యక్షుడు మారాడు. జోగిపేటకు అధ్యక్షుడైనవాడు దేవరకొండలో ఆ పీట మరొకరికి వదిలాడు. ఇంతకన్నా చక్కని మత్తడి ఏ సంస్థకూ నేను చూడలేదు. పెద్దరికం ఒకరి దగ్గర నిలవ ఉండకుండా సభ సభకూ కింది చెరువుకు దిగింది. ఆ వరుసలోని పలువురు ఆ తర్వాత పాతికేళ్ల పాటు ఈ ప్రాంతాన్ని నడిపించారంటే ఆ దిగడంలోనే వాళ్లకు శిక్షణ దొరికిందని నా అభిప్రాయం.

అయినా పూడిక పేరుకుంది. అర్జీలు, తీర్మానాలు, సంస్కరణల భాష ఒక తరాన్ని లేపింది. దొర గడీ ముందు వెట్టి చేసే మనిషికి ఆ భాష చాలలేదు. 1941 చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాడు. 1943లో హైదరాబాద్ సభ అధ్యక్ష స్థానానికి పోటీ జరిగింది. కొండా వెంకట రంగారెడ్డి గెలిచాడు, బద్దం ఎల్లారెడ్డి ఓడాడు. 1944లో భువనగిరిలో, మళ్లీ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన సభతో సంస్కరణవాదుల పాయ, కమ్యూనిస్టుల పాయ విడిపోయాయి. కొత్త పాయ ఊళ్లలోకి పోయి సంఘమైంది. వెట్టి చేసే మనిషి, కౌలు రైతు, చాకలి ఐలమ్మ వంటి స్త్రీ తొలిసారి రాజకీయంలో తామే కర్తలయ్యారు. ఆ సంఘమే తెలంగాణ సాయుధ పోరాటానికి వెన్నెముక. 1948 తర్వాత ఆ పోరాటం సాగించాలా మానాలా అన్న వాదం వచ్చినప్పుడు, ఆపాలన్న పక్షాన నిలిచింది ఆ రావి నారాయణరెడ్డే. 1951 అక్టోబర్‌లో విరమణ. 1952లో ఆయన పార్లమెంటుకు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు.

1944 చీలికను కొందరు ద్రోహమన్నారు, కొందరు విప్లవమన్నారు. నాకు అది రెండూ కాదు. నిండిన చెరువు మత్తడి చాలక గండి పడింది. నీరు కిందికి చేరింది నిజమే, కాని కట్ట కూడా పోయింది. పెద్దల న్యాయశాస్త్రం, పిల్లల ధైర్యం ఒకే గదిలో మరో అయిదేళ్లు ఉండగలిగితే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను వదలదు. చరిత్రకారులు ఇలాంటి ఊహలు చేయకూడదంటారు. ఈ ఒక్క ఊహకు సభ నన్ను మన్నించాలి.

పక్కకు తప్పుకున్న పెద్దలు ఏమయ్యారన్నది ఎవరూ అంతగా రాయని కథ. తీసిన పూడికను మన ఊళ్లలో పారబోయరు. బండ్ల మీద పొలాలకు తోలుతారు. చెరువుకు బరువైన ఒండ్రు చేనుకు బలం. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు, 46 వేలకు పైగా చెరువుల జాబితా వేసి ప్రభుత్వం పూడిక తీయిస్తే, రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నది ఈ ఎరుకతోనే. మాడపాటి జీవితం నాకు ఆ ఒండ్రులాగే కనిపిస్తుంది. ఉద్యమపు నడి ప్రవాహం ఆయనను దాటిపోయాక కూడా, 1928లో నారాయణగూడలో పెట్టిన బాలికల పాఠశాల ఆయన వెంటే ఉంది. తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలు చదవడానికి అనుమతి దొరకని కాలంలో మొదలైన బడి అది. 1951లో ఆయన హైదరాబాద్ తొలి మేయర్ అయ్యాడు. ఉద్యమ చరిత్రను తానే కూర్చుని రాశాడు. అధికారం పోయిన మనిషి అనుభవాన్ని ఏ చేనుకు తోలాలో తెలిసిన సమాజం అప్పటిది. ఇప్పుడు పదవి దిగిన మనిషికి మనం ఏ చేను చూపిస్తున్నాం?

కొండా వెంకట రంగారెడ్డి పేరే మన జిల్లాకుంది. 1936లో ఆయన షాద్‌నగర్‌లో అధ్యక్షత వహించిన సభ నిజాం ముందు విన్నపాలు పెట్టుకునే సభ. ఇరవై మూడేళ్ల తర్వాత, 1959 అక్టోబర్ 11న, ఆ షాద్‌నగర్‌లోనే నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించాడు. బల్వంతరాయ్ మెహతా సంఘం సిఫారసు మీద రాజస్థాన్‌లోని నాగౌర్‌లో తొలి అడుగు పడి తొమ్మిది రోజులు. విన్నపం చేసుకున్న ఊరికే అధికారం వచ్చింది. ఇక్కడి నుంచి బస్సెక్కితే గంటన్నరలో చేరే ఊరది. మన పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

అధికారం ఊరికి దిగింది, కాని పటేల్, పట్వారీలు మాత్రం కదల్లేదు. సర్పంచి ఎన్నికై వచ్చేవాడు, పహాణీ పుస్తకం మాత్రం వంశపారంపర్యపు పెట్టెలోనే ఉండేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ వెనుకే మండలాలు వచ్చాయి. పట్వారీ స్థానంలో వచ్చిన కొత్త ఉద్యోగి కొన్నాళ్లకు వీఆర్వో అయ్యాడు. ఆ పుస్తకం చుట్టూ మళ్లీ పాత వాసనే కమ్మిందని 2020లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్వో పదవినే తీసేసింది. ఊరికి రెవెన్యూ అధికారి లేకుండా పోయాడు. 2025లో గ్రామ పాలనాధికారి అన్న పేరుతో మళ్లీ వచ్చాడు. నలభై ఒక్క ఏళ్లలో ఒకే కుర్చీ రెండుసార్లు తొలగింది, రెండుసార్లు తిరిగి వచ్చింది. కుర్చీ తీసేస్తే పూడిక పోతుందని అనుకున్నాం. పూడిక కుర్చీలో లేదు. పుస్తకం ఒక్కరికే తెరుచుకోవడంలో ఉంది. ఈ మాట నేను ఏ ఒక్క ప్రభుత్వాన్నీ ఉద్దేశించి అనడం లేదు.

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి, పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలవయ్యాయి. జోగిపేట మహిళా సభకు అరవై మూడేళ్ల తర్వాత. సర్పంచి భర్త కుర్చీలో కూర్చుంటున్నాడని మొదట్లో వేళాకోళం చేసినవాళ్లు, రెండు ఎన్నికలు గడిచేసరికి ఆ కుర్చీలో ఆమే కూర్చోవడాన్ని చాలాచోట్ల చూశారు. మత్తడి ఎత్తును చట్టం నిర్ణయించగలదు. నీరు పారడానికి కాలం పట్టింది.

ఇక మన కళ్లముందు జరిగిన మార్పు. 2008 మార్చి 23న బేగంపేటలో వాణిజ్య విమానాలు ఆగి శంషాబాద్‌లో దిగడం మొదలైంది. సుమారు 5,500 ఎకరాల నేల. అదే ఏడాది నవంబర్‌లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు, మరుసటి ఏడు అక్టోబర్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే వచ్చాయి. విమానాశ్రయం కట్టిన సంస్థ స్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావు అప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాం మనిషి. గోనెసంచుల నార మిల్లు నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి విద్యుత్తుకు, అక్కడి నుంచి విమానాశ్రయాలకు సాగిన వ్యాపారం ఆయనది. ప్రతి మజిలీలో పాతదాన్ని వదులుకుని కొత్తదానికి వెళ్లడం ఒక ఎత్తు, తాను ఉండగానే వారసత్వపు నియమాలను కుటుంబ రాజ్యాంగంగా రాయించుకోవడం ఒక ఎత్తు. తెలుగు వ్యాపార కుటుంబాల్లో అన్నదమ్ముల పంపకం కోర్టు మెట్ల మీదే తేలిన కథలు ఎన్నో చూసినవాణ్ని గనుక, ఈ రెండో పని నాకు మొదటిదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఊరి నాయకత్వం మాత్రం ఆ వేగానికి సిద్ధపడలేదు. ఎకరం ధర గుంటల్లోకి, గుంట ధర గజాల్లోకి మారిన రోజుల్లో, ఊరి పెద్ద అంటే పంచాయతీ తీర్చే మనిషి కాకుండా భూమి బేరం కుదిర్చే మనిషి అయ్యాడు. ఆయకట్టు లేని చెరువుకు నీరడి అక్కరలేదు. తూము అడిగే రైతు లేడు గనుక తూము ఉన్న చోటు కూడా మరుపున పడింది. శంషాబాద్ 2018లో పురపాలిక అయింది. 2025 చివర్లో ఔటర్ లోపలి 27 పట్టణ సంస్థల్లో ఒకటిగా మహానగరంలో కలిసింది. సర్పంచి పోయి చైర్మన్ వచ్చాడు, చైర్మన్ పోయి మరో వ్యవస్థ వస్తోంది. చెరువు నీరు ఒక శాఖది, శిఖం భూమి ఒక శాఖది, పక్కన లేచిన గోడకు అనుమతి ఒక సంస్థది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం. మరొకటి, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. రెండూ ఇక్కడి మన అప్ప చెరువుకు పట్టాయి.

2020 అక్టోబర్ 13 రాత్రి ఏమైందో ఈ సభకు చెప్పవలసిన పని లేదు. ఆ రాత్రి వానకు అప్ప చెరువు తెగి, గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు జాతీయ రహదారి కొట్టుకుపోయింది. వాహనాలు పోయాయి, మనుషులు పోయారు. వాళ్ల ఇళ్లవాళ్లు కొందరు ఈ సభలో ఉండవచ్చు, అందుకని ఎక్కువ చెప్పను. 1908లో శంషాబాద్ వానమాపకం చెప్పిన సంగతినే 112 ఏళ్ల తర్వాత చెరువు తానే వచ్చి చెప్పింది. 2024 జూలైలో ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది. ఆ ఆగస్టు చివరి రోజున అప్ప చెరువులోని ఆక్రమణలను కూల్చారు. కూల్చడం కూడా పూడికతీతే, కాదనను. కాని నాలుగేళ్ల పాటు కట్ట మీద రాత్రి పడుకున్నవాడు ఎవడని నేను అడుగుతాను. యంత్రం ఒక రోజులో చేసే పనికీ, కాపలా మనిషి నలభై వానాకాలాలు చేసే పనికీ మధ్య ఉన్న ఖాళీని ఏ ఉత్తర్వు పూరిస్తుంది?

నీరడి తాత దగ్గరికి తిరిగి వస్తాను. పాతతరం రైతులు నాకు చెప్పిన విషయం ఒకటుంది. చెరువు నిండిన రోజున ఊరంతా కట్టమైసమ్మకు బోనం ఎత్తుకుని కట్ట మీదికి వస్తే, ఆయన మాత్రం ఆ సంబరంలో ఉండేవాడు కాడట. మత్తడి దగ్గర ఒంటరిగా నిలబడి, అడ్డుపడిన కంపనూ తుంగనూ లాగేస్తూ ఉండేవాడట. నిండిన రోజే ప్రమాదమని ఆయనకెవరో నేర్పి ఉండాలి, లేదా ఏదో ఒక వాన నేర్పి ఉండాలి.

నీరడి, మస్కూరి, కావలికారు అన్న పాత పేర్లన్నీ ప్రభుత్వ కాగితాల్లో వీఆర్ఏ అన్న మూడక్షరాల్లో కలిసిపోయాయి. 2023 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 20 వేలకు పైగా వీఆర్ఏలను వేర్వేరు శాఖల్లో సర్దింది. వాళ్లలో తాత మనవడు ఒకరు. ఆయనకు నీటిపారుదల శాఖలో లష్కరు ఉద్యోగం దొరికింది, ఇక్కడ కాదు, మరో మండలంలో. ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. ఉపన్యాసానికి ముందు టీ తాగుతూ, చేరిన మొదటి రోజు ఏం చేశారని అడిగాను. దస్తావేజులు అడిగారట, చెరువు పటం దొరకలేదట. సరేనని మధ్యాహ్నం ఎండలో కట్ట పొడుగునా నడుచుకుంటూ పోయి, సర్కారు తుమ్మ కమ్మేసిన చోట ఆగి, కొడవలి తెప్పించుకుని రెండు రోజులు నరికించారట. మూడో రోజు మత్తడి రాళ్లు కనిపించాయట.